తెల్లగడ్డ నూనె గారికి

మహారాజశ్రీ తెల్లగడ్డ నూనె గారి సముఖమునకు, నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక కుక్క యజమానురాలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం స్టవ్ పక్కన స్టీలు గిన్నెలో మూత కింద క్షేమంగానే ఉన్నారు, ఇప్పుడే చూసి వచ్చాను.

నిన్న పశువుల ఆసుపత్రిలో నాకు జరిగిన సన్మానం తమకు తెలియాలి. పన్నెండింటికి వెళ్తే మా ముందు ఒక ఎనుము, రెండు మేకలు, బుట్టలో కోడి. కూర్చోడానికి బల్ల కూడా లేదు. గంటన్నరకు మా లాబ్రడార్ కుక్క రంగడి వంతు వచ్చింది. డాక్టరు గారు వాడి కుడి చెవి పైకెత్తి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, నా వైపు తిరిగారు.

"ఏందమ్మా, చెవికి తిరగమాత పెట్టారా?"

మేకలాయన నవ్వాడు. కోడిబుట్ట ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎనుము నవ్వలేదు, దానికి నా కృతజ్ఞతలు.

తమరి పలుకుబడి మామూలుది కాదు. మా ఇంట్లో ఎవరి చెవి పోటు పెట్టినా మొదటి కబురు తమకే. మా అత్తయ్య గుంటగరిటెలో నువ్వుల నూనె పోసి, నాలుగు రెబ్బలు చితక్కొట్టి వేసి, ఎర్రగా వేగాక చల్లార్చి, వేలు ముంచి చూసుకుని చెవిలో వేస్తుంది. మా ఆయనకు వేసింది, మా ఆడబిడ్డకు వేసింది, పెళ్ళైన కొత్తలో నాకూ వేసింది. "ఇంతమందికి తగ్గింది, కుక్కకు తగ్గదా?" అని ఆమె ఆదివారం రాత్రి అడిగితే నా దగ్గర జవాబు లేదు, తమరిని వాడి కుడి చెవిలో పోసేశాను.

ఆ జవాబు డాక్టరు గారు మందుల చీటీ వెనక గీసి చూపించారు. ఇంగ్లీషు ఎల్ అక్షరం. కుక్క చెవి దారి నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి అడ్డంగా లోపలికి పోతుంది. కర్ణభేరి ఆ దారి చివర ఎక్కడో ఉంటుంది. మన చెవిలో పోసింది తల పక్కకు వంచితే కారిపోతుంది. వాడి చెవిలో పోసింది మలుపులో నిలిచిపోతుంది. లాబ్రడార్ చెవి పైనుంచి మూతలా వాలి ఉంటుంది కాబట్టి గాలి కూడా సరిగ్గా ఆడదు. అట్లాంటి చోట తమరు మూడు రోజులు స్వర్ణాల చెరువులా నిండుగా కొలువుతీరారు.

అసలు తప్పు మాది కూడా ఉందిలెండి. కార్తీక మాసమని అందరం మైపాడు పోయి సముద్రంలో మునిగాం, వాడూ మునిగాడు. ఇంటికొచ్చి మేం తలలు తుడుచుకున్నాం. వాడి చెవులు ఒక్కరు తుడిస్తే ఒట్టు. పైగా ఈ నెలంతా ముసురు. నాలుగు రోజులకు తల విదిలించడం మొదలుపెట్టాడు, చెవులు రెండూ టపటపమని చపాతీలు కొడుతున్నట్టు. దగ్గరికొస్తే రెండో రోజు ఇడ్లీ పిండి వాసన. కాళ్ళు అదేపనిగా నాకుతుంటే ముద్దొస్తున్నాడనుకున్నాం. అది ఎలర్జీ కావచ్చట. చెవి జబ్బు పదేపదే వచ్చే కుక్కల్లో చాలాసార్లు కింద ఆ ఎలర్జీయే ఉంటుందని, దాని సంగతి చూడకుండా చెవి ఒక్కదానికే మందు వేస్తే మళ్ళీ వస్తుందని చెప్పారు.

ఎడమ చెవిలోకి తమరు పోలేదు, ఎందుకంటే కుడిదాంట్లో పోయగానే వాడు మంచం కిందికి పారిపోయాడు. ఆ ఎడమ చెవిలోంచి దూది పుల్లతో కొంచెం గులిమి తీసి, గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపులో పెట్టారు. నన్నూ చూడమన్నారు. చిన్న చిన్న శెనక్కాయలు! మలసీజియా అనే ఈస్టు. కుక్క చర్మం మీద మామూలుగా ఉండేదే, తడి దొరికితే రెచ్చిపోతుంది. కొవ్వంటే దానికి మహా ఇష్టమట. నేను మందని పోసింది దానికి పెళ్ళి భోజనం.

ఇంతవరకూ గౌరవంగానే రాశాను. ఇక నా వల్ల కాదు.

కుడి చెవిలో లైటు గొట్టం పెట్టి చూస్తే ఆయనకు కనబడింది నువ్వొక్కదానివే. కర్ణభేరి బాగుందో చిరిగిందో తెలియలేదు. చిరిగి ఉంటే కొన్ని చుక్కల మందులు లోపలికి దిగి వినికిడినే దెబ్బతీస్తాయట. అందుకని సెలైన్‌తో కడిగినంత కడిగి, "శుక్రవారం తీసుకురండి, కనబడితే అప్పుడు రాస్తాను, అప్పటిదాకా ఏమీ పోయొద్దు" అన్నారు. కొంచెం దురద ఉన్న ఎడమ చెవికి మందు దొరికింది. చెయ్యి వేస్తే కుయ్యోమనే కుడి చెవికి దొరకలేదు. రాత్రంతా వాడు తల గోడకేసి రుద్దుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఇంకా గట్టిగా విదిలిస్తే చెవి రేకులో రక్తనాళం తెగి పూరీలా ఉబ్బుతుందని చెప్పారు కదా, ఆ భయం. విదిలించినప్పుడు మూతి మీద పడ్డ నిన్ను వాడు నాకేశాడు కూడా. తెల్లగడ్డ ఎక్కువగా కడుపులోకి పోతే కుక్కల ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయట, ఆ టెన్షన్ వేరే. ఎవరు పిలిచారే నిన్ను? పప్పులో ఉండు, చారులో ఉండు, ఊరగాయలో ఉండు. చెవి డాక్టరువని నీకెవరు చెప్పారు?

నీ చుట్టాలకూ ఒక మాట. ఇయర్ బడ్స్ గారూ, మీరు గులిమి తీస్తున్నామనుకుంటూ లోపలికి కూరుతున్నారు. ఫ్రిజ్ తలుపులో ఉన్న పోయినేటి చెవి మందు సగం సీసా గారూ, అప్పటి జబ్బు వేరు, ఇప్పటిది వేరు కావచ్చు, దయచేసి చెత్తబుట్టలోకి విచ్చేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుస బుస పొంగుతుంటే బాగా కడుగుతోందని చెప్పిన ఫోన్ వీడియో పెద్దమనిషికి వేరే ఉత్తరం రాస్తాను.

పొద్దున ఎడమ చెవి శుభ్రం చేశాం. డాక్టరు గారిచ్చిన ద్రవం చెవి నిండా పోసి, చెవి మొదట్లో బొటనవేలితో నిమిరితే లోపల బచక్ బచక్ మంది. వదలగానే విదిలించాడు, అంతా నా మొహం మీద. వేలికి దూది చుట్టి, వేలు పోయినంతవరకే తుడిచి, కాసేపాగి చుక్కలు వేశాను. రెండు వారాలు ఇంతే. దురద తగ్గింది కదా అని మధ్యలో మానొద్దన్నారు. తల పట్టుకున్నది అత్తయ్యే. నిన్నటి నుంచి నాతో మాట్లాడకపోయినా, వాడి గడ్డం ఒళ్ళో పెట్టుకుని "అయిపోయింది నాయనా, అయిపోయింది" అంటూనే ఉంది.

మధ్యాహ్నం చారుకి తిరగమాత వేద్దామని ఆమె గుంటగరిటె పొయ్యి మీద పెట్టి నాలుగు తెల్లగడ్డలు చితక్కొట్టి వేసింది. ఆ వాసనకు వాడు నిద్రలోంచి లేచి, వంటింటి వైపు ఒకసారి చూసి, మంచం కిందికి దూరాడు. చారన్నం కలిపి పిలిచినా రాలేదు.

ఇట్లు,
చేతులకు ఇంకా నీ వాసన పోని
రంగడి వాళ్ళమ్మ