మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ గారికి, కర్నూలు మందుల షాపు నుంచి

మహారాజశ్రీ మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ గారికి,

బుధవారపేటలో, పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపు నడుపుకునే నేను నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంగ్లండు, అమెరికాల్లో డాక్టరు సీటు ఇచ్చే ముందు పిల్లల్ని పిలిచి మాట్లాడించే తమరి వైభవం గురించి మా అన్న కూతురు ఫోన్లో చెబుతూనే ఉంటుంది. అది బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. దాని కొడుకు ఈ మధ్యే మెడిసిన్‌కు అప్లై చేశాడు.

అక్కడ ఒక పిల్లోడు ఒక ఏడాదిలో నాలుగు మెడికల్ కాలేజీలకు మించి పెట్టకూడదట. వీడు నాలుగూ పెట్టాడు. ఒక కాలేజీ ఇంటర్వ్యూకు పిలిచింది, మూడు పిలవలేదు. "ఇక్కడ మీ మాదిరి ఉత్త మార్కులు చూడరు చిన్నాయనా, మనిషిని చూస్తారు" అని ఏడాది పొడుగునా నాకు క్లాసు పీకిన పిల్ల, ఆ మూడు చోట్ల మనిషిని చూడకుండానే ఎట్లా వద్దన్నారో మాత్రం చెప్పలేకపోయింది.

తర్వాత విషయం తెలిసింది. అక్కడ యూక్యాట్ అని ఒక పరీక్ష ఉంది. ఒక కాలేజీ ఆ స్కోరు పట్టుకుని పైనుంచి కిందికి పిలుచుకుంటూ పోతుంది. ఇంకో కాలేజీ పదహారేళ్ల వయసులో రాసిన పరీక్షల గ్రేడ్లకు పాయింట్లు వేసి దీనికి కలుపుతుంది. ఎవరి లెక్క వాళ్లది. అందుకే అదే పిల్లోడు ఒక ఊళ్లో కాబోయే డాక్టరు, పక్క ఊళ్లో ఎందుకూ పనికిరానివాడు. అమెరికాలో అయితే డిగ్రీ మార్కులు, ఎంక్యాట్ అనే పరీక్ష స్కోరు. దానికి గరిష్ఠం 528 అట, అదేం అంకో వాళ్లకే తెలియాలి. పెద్ద డాక్టరు ఎంత నెమ్మదస్తుడైనా ముందు టోకెన్లు రాసే కాంపౌండరును దాటాలి గదా. తమరి కాంపౌండరు పేరు కటాఫ్. ఆయన మాట్లాడడు, వినడు, మొహం చూడడు. ఆయన్ను బయట కూర్చోబెట్టుకుని తమరు లోపల మనుషుల్ని చూస్తున్నామని చెప్పుకోవడం బాగుంది.

లోపలి సంగతి మాత్రం నాకు నచ్చింది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతట. ఒకే పెద్ద ఇంటర్వ్యూ బదులు వరసగా చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో కొద్ది నిమిషాలు. ఒకదాంట్లో నటుడొకడు కోపంగా ఉన్న రోగిలా కూర్చుంటాడు, వాణ్ని సముదాయించాలి. గంట కొట్టగానే పక్క గదిలోకి.

ఇక మా సంగతి. మా దగ్గర నీట్ ఉంది. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఇద్దరికి సమానంగా వస్తే మొదట బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్ చూస్తారు. ఈ వరసలో మనిషి ఎక్కడా రాడు. 2024లో మొదట 67 మందికి ఫస్ట్ ర్యాంకు ఇచ్చి, సవరించాక 17 మంది అన్నారు. మిగతా యాభై మంది ఆ మధ్యలో డాక్టరు గుణాలు ఏం పోగొట్టుకున్నారో పాపం.

మా చెల్లెలి కూతురు ఇంటర్ అయ్యాక హాస్టల్లో లాంగ్ టర్మ్ చేసింది. పరీక్ష రోజు గేటు దగ్గర పొట్టి చేతుల చొక్కా ఉందా, కాళ్లకు చెప్పులేనా అని చూశారు, మెటల్ డిటెక్టరుతో తడిమారు. డాక్టరు కాబోయే పిల్లను మా దేశం దగ్గరగా చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు, సీటు. అట్లాగని దానికి ఇంటర్వ్యూలు తక్కువ కాలేదు. ఎంతొచ్చింది, ఏ కేటగిరీ, లోకలా, ఇంకో ఏడాది కూర్చుంటుందా, లేక పెళ్లి చేస్తారా అని వీధి వీధంతా చేసింది. చేయనిది చేర్చుకున్న కాలేజీ ఒక్కటే.

తమరు మాకు బొత్తిగా కొత్తవారేం కాదు. పూణెలో సైన్యం వాళ్ల మెడికల్ కాలేజీలో నీట్ మార్కులు చూసి పిలిచి, ఇప్పటికీ ఇంటర్వ్యూ చేస్తారు. వెనకటికి మామూలు కాలేజీల్లోనూ తమరు ఉండేవారు. తమిళనాడులో మెడికల్ సీట్ల ఇంటర్వ్యూల మీద సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీలో పరీక్షకు 100 మార్కులు, తమరికి 50. రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి మీ నాన్న ఎవరు, మీది ఏ ఊరు అని అడిగి ఆ యాభై పంచారు. 1980లో సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టి, మొత్తం మార్కుల్లో తమరి వాటా పదిహేను శాతం దాటితే అది ఇష్టారాజ్యమే అంది. మనిషిని చూడమంటే మనిషి తండ్రిని చూసొచ్చారు తమరు. మా సీమలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలా మందికి చాలా తేలిక, మిగతావాళ్లకు చాలా కష్టం.

ఇప్పుడు తమరు కర్నూలుకు వస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. వారం తిరక్కుండా "ఇంటర్వ్యూ స్పెషల్ బ్యాచ్: జాలి, ఓర్పు, చిరునవ్వు గ్యారంటీ" అని ఫ్లెక్సీలు లేస్తాయి. డాక్టరు ఎందుకవుతావంటే "పేదలకు సేవ చేయడానికి" అని అందరూ ఒకే గొంతుతో చెప్తారు. ఆ జవాబు ర్యాంకర్ల ఫొటోల కింద పేపర్లో ఏటా వస్తున్నదే, కొత్తగా కంఠస్థం కూడా అక్కర్లేదు. ఆసుపత్రిలో పని చూసిన అనుభవం కావాలంటారట తమరు. డాక్టరు కొడుక్కి అది అన్నం తినేటప్పుడే దొరుకుతుంది. ఆదోని పక్క పత్తి రైతు కూతురికి ఎవరిస్తారు?

అయినా రమ్మనే అంటున్నాను. ఎందుకో మా కౌంటరు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కోసిగి నుంచి ఒక అవ్వ వస్తుంది, చీటీ ఇస్తుంది. "నాయనా, ఈ తెల్ల బిళ్ల సంగటి తిన్నాకనా, తినకముందా?" అంటుంది. చెప్తాం. చిల్లర లెక్కపెట్టుకుని మళ్లీ అదే అడుగుతుంది. చెప్తాం. మెట్లు దిగి, వెనక్కొచ్చి, "పొద్దున ఏసుకునేది ఇదేనా?" అంటుంది. ఆమె ఇదంతా డాక్టరును అడగాల్సింది. అడిగితే ఆ అబ్బాయి కంప్యూటర్లోంచి తలెత్తలేదట. ఆ అబ్బాయి ర్యాంకు చాలా మంచిది, నాకు తెలుసు, మా వీధి ఫ్లెక్సీలో చూశాను. ఇంకో హౌస్ సర్జన్ పిల్ల ఉంది. టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు కూడా ఇట్లాంటి చీటీలు తీసుకుని, పొద్దునకు సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ స్ట్రిప్పు మీద గీసిస్తుంది. ఆ పిల్ల ర్యాంకు ఎంతో నాకు తెలీదు. ఆ బొమ్మలకు నీట్‌లో మార్కుల్లేవు.

కాబట్టి నా షరతులు ఇవి. కోర్టు చెప్పినట్టు పదిహేను శాతం లోపలే ఉండండి. జరిగేదంతా రికార్డు చేయండి. ఇంటిపేరు, నాన్న ఉద్యోగం అడగొద్దు. ఇంగ్లీషు ఊసెత్తొద్దు, రోగం తెలుగులోనే వస్తుంది ఇక్కడ. కాంపౌండరు గారిని బర్మింగ్‌హామ్‌లోనే వదిలి రండి, ఆయన పని చేయడానికి మా దగ్గర నీట్ ఉంది. నటుల ఖర్చు కూడా వద్దు. అవ్వలు బోలెడంత మంది, మూడోసారి కూడా అడుగుతారు, జీతం తీసుకోరు. కౌంటరు పక్కన రెండు కుర్చీలు పట్టే చోటుంది, అద్దె అడగను.

రాజధాని వచ్చి వెళ్లిపోయిన ఊరు మాది, హైకోర్టు వస్తుందన్నారు, రాలేదు. కనుక తమరు రాకపోయినా మేమేం అనుకోం. వస్తే మాత్రం ఒంటిగంట దాటాక రండి. ఓపీ అయ్యేదాకా నాకు తల గోక్కునే తీరిక ఉండదు.

ఇట్లు,
బుధవారపేట మందుల షాపాయన