ఊళ్లో ఎకరంన్నర, ఫారంలో ఒక ప్రశ్న

మొన్న నాలుగు రాత్రులు మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒకటే పని. మా వాడు అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం అడిగే ఎస్‌ఎఫ్-86 ఫారం నింపుతుంటే నేను పాత పాస్‌పోర్టులు తిరగేసి తేదీలు చెప్పాను. పదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నాడు, ఎక్కడ పనిచేశాడు, ఇండియాలో ఎవరితో దగ్గరగా ఉంటాడు, అన్నీ అడుగుతుంది. చివరికి విదేశాల్లో ఆస్తి ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాం. మా నాన్నగారు వీలునామాలో మనవడికి రాసిచ్చిన ఎకరంన్నర తెనాలి దగ్గర ఉంది. "అది రాయకురా, ఎవరికి తెలుస్తుంది" అన్నాను. తప్పు మాట అన్నాను. మన ఇళ్లలో చాలామంది పిల్లలకి ఇదే సలహా ఇస్తున్నారు కాబట్టే ఇది రాస్తున్నాను.

అసలు సెక్యూరిటీ క్లియరెన్స్ అనగానే గూఢచారి ఉద్యోగం అనుకుంటాం, లేదా అదో పెద్ద హోదా అనుకుంటాం. రెండూ కాదు. కొన్ని ఉద్యోగాల్లో ప్రభుత్వ రహస్య సమాచారం చూడాల్సి వస్తుంది, అందుకు మనల్ని విచారించి ఇచ్చే అర్హత ఇది, అంతే. 2019 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం అమెరికాలో 40 లక్షల మందికి పైగా ఈ అర్హత ఉంది. వాళ్లలో సైనికులున్నారు, గుమాస్తాలున్నారు, కాంట్రాక్టు కంపెనీల ప్రోగ్రామర్లున్నారు, రహస్య భవనాల్లో వైర్లు లాగే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఓట్లతో గెలిచిన కాంగ్రెస్ సభ్యులకైతే ఈ విచారణే ఉండదు.

మనంతట మనం అప్లై చేసుకునేది కూడా కాదిది. ప్రభుత్వ శాఖో, కాంట్రాక్టు కంపెనీయో మన పేరు పంపాలి, అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్‌కార్డు సాధారణంగా చాలదు. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది, అంటే అది రాకపోతే చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కానీ ఇండియాలో చుట్టాలున్నారనో పొలముందనో మొదటే ఆశ వదిలేసుకోవడం అన్యాయం. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో విదేశీ సంబంధాలు ఒకటి మాత్రమే, దాన్నీ మిగతా జీవితంతో కలిపి తూకం వేస్తారు. క్లియరెన్స్ విషయంలో వచ్చిన అప్పీళ్ల తీర్పుల్ని అక్కడి రక్షణ శాఖ పేర్లు తీసేసి బయటపెడుతుంది. నేను కూర్చుని కొన్ని చదివాను. తీర్చని అప్పులు, కట్టని పన్నులు, దాచిన విషయాలు, ఇవే పదేపదే కనిపించాయి. తెలిసి అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం, ఐదేళ్ల వరకు జైలు. రెండు సెంట్ల స్థలమైనా సరే, పిల్లల్ని నిజం రాయనివ్వండి.

మా వాడు ఆ రాత్రే పొలం చూసుకునే మా అన్నయ్యకి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆ ఎకరంన్నర నా పేరు మీదికి ఎప్పుడు మారింది, ఇప్పుడు ఎంత పలుకుతుంది?" అని అడిగాడు. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "ఏరా, అమ్మేస్తావా ఏంటి?" అన్నాడు మా అన్నయ్య కంగారుగా. లేదు మామయ్యా, ఫారంలో రాయాలని చెప్పి, పాసు పుస్తకం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాడు.