జూదం ఏ ముక్కలో ఉంది?

సంక్రాంతి వస్తే ఉద్దానం జీడితోటల్లో దుప్పట్లు పరిచి పేకాడేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూసినవాళ్లం మేము. అందుకే విజయనగరంలో ఉండే మా అక్క, ఇంటర్ చదివే కొడుకు ఫోన్‌లో ఇస్పేటు ఆసు కనిపించగానే "వీడు కూడా మొదలెట్టేశాడ్రా" అని నాకు కాల్ చేసి ఏడ్చింది. శ్రీకాకుళం నుంచి వెళ్లి చూశాను. వాడు ఆడుతున్నది పేకముక్కలతో రాక్షసులను కొట్టే ఆట. జత పడితే చిన్న దెబ్బ, ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) పడితే గట్టి దెబ్బ, గెలిచేకొద్దీ హీరోకి కొత్త కత్తి, కొత్త డాలు.

ఈ రకం ఆటలు ఇవాళ పుట్టినవి కావు. ఐఫోన్ వచ్చిన తొలి ఏళ్లలోనే 'స్వోర్డ్ అండ్ పోకర్' ఉంది. పరిచి ఉన్న ముక్కలకు మన ముక్కలు చేర్చి ఐదింటి వరసలో జతో ఫుల్ హౌసో కూరిస్తే అదే శత్రువుకు తగిలే దెబ్బ. 2024 ఫిబ్రవరిలో వచ్చి అదే సెప్టెంబర్‌లో ఫోన్లలోకి దిగిన 'బలాట్రో'లో అయితే రాక్షసులు ఉండరు, దాటాల్సిన స్కోరే ప్రత్యర్థి.

నాకు ఇవి నచ్చడానికి కారణం వీటి అడుగున ఉన్న లెక్క. మన మూడు ముక్కలాటలో కలర్ (అన్నీ ఒకే గుర్తు) కంటే సీక్వెన్స్ (వరస అంకెలు) పెద్దది కదా, ఐదు ముక్కల పోకర్‌లో తిరగబడుతుంది, స్ట్రెయిట్ అనే సీక్వెన్స్ కంటే ఫ్లష్ అనే కలర్ పెద్దది. ఎందుకు? రెండూ కలిసి పడేవి పక్కన పెట్టి, 52 ముక్కల్లోంచి మూడు తీస్తే ఉత్త సీక్వెన్స్‌లు 720, ఉత్త కలర్లు 1,096. ఐదు తీస్తే ఉత్త స్ట్రెయిట్‌లు 10,200, ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఏది అరుదో దానికే బలం. ఆ అరుదైనదాని కోసం ఆగాలా, చేతిలో ఉన్న జతతో ఇప్పుడే కొట్టెయ్యాలా అన్నది ప్రతి ఎత్తులోనూ తేల్చుకోవాలి. పిల్లాడు ఇది ఆడితే బుర్రకు పదునే తప్ప చెడిపోయేదేం లేదని నా గట్టి నమ్మకం.

కానీ పేకముక్క కనబడితే చాలు పెద్దవాళ్లకు టెన్షన్. యూరప్‌లో ఆటలకు వయసు రేటింగ్ ఇచ్చే పెగీ సంస్థ కూడా డబ్బు పందెమే లేని బలాట్రోకు జత, ఫ్లష్ లాంటి పోకర్ కూర్పులున్నాయని 18 ఏళ్ల రేటింగ్ ఇచ్చింది. డబ్బు పెట్టి, లోపలేముందో తెలియని ప్యాకులు తెరిచే ఫుట్‌బాల్ ఆటకు మాత్రం అప్పట్లో 3 ఇచ్చింది. బలాట్రో తయారుచేసిన లోకల్‌థంక్ దీన్ని బాహాటంగా తప్పుపట్టాడు, అప్పీలు తర్వాత 2025 ఫిబ్రవరిలో ఆ రేటింగ్‌ను 12కు దించారు.

మా మేనల్లుడి ఆటలోనూ అసలు గొడవ అలా డబ్బు పెట్టి తెరిచేదాని దగ్గరే బయటపడింది. హీరోకి మంచి కత్తి కావాలంటే 79 రూపాయల పెట్టె కొనాలి, లోపల ఏముంటుందో తెరిచేదాకా తెలీదు. రెండు నెలల్లో అక్క యూపీఐ నుంచి 1,100 దాకా పోయింది. ఆసు కనబడింది గానీ ఇది ఆమెకు కనబడలేదు.

రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించింది. 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ ఆపేసింది. వీటన్నిటి చూపూ డబ్బు గెలుద్దామని పెట్టే డబ్బు మీదే. ఈ పెట్టెలో పైసా కూడా తిరిగి రాదు, కాబట్టి పెద్దగా ఎవరి కంటా పడదు.

ఫ్లష్ ఎంత అరుదో పేక కట్ట ఉన్నవాడెవడైనా లెక్కేసుకోవచ్చు. పెట్టెలో కత్తి ఎంత అరుదో కంపెనీ రాసుకున్న అంకె, రేపు మార్చుకోగలదు కూడా. ఆ ఛాన్సులు కొనేముందే చూపాలని ఆపిల్ 2017లోనే నిబంధన పెట్టింది. మావాడి ఫోన్‌లో వెతికితే నాలుగు మెనూలు దాటాక సన్న ఇంగ్లీషు అక్షరాల్లో దొరికింది. ఆ అంకె కొనే బటన్ పక్కనే, తెలుగులో, ధర ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా ఉండాలి.