ఏడొందల పౌండ్ల వానప్రస్థం

ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, ఇంట్లో మనవడు. ఈ మూడూ కనబడ్డాక గృహస్థు అడవికి బయల్దేరాలని ధర్మశాస్త్రం. మనవడి దాకా ఆగే ఓపిక ఈ కాలంలో ఎవరికుంది? టెక్సస్‌లో, డాలస్ పక్క ఫ్రిస్కోలో ఉంటున్న మా బావగారు గ్రీన్ కార్డు చేతికి రాగానే ఇక అడవేనన్నారు. అయితే పూర్వపు ఋషులకు లేని చిక్కొకటి ఆయనకొచ్చింది. అడవిలో పడుకోవడానికి పరుపు కావాలి. పరుపు తడవకుండా కప్పు కావాలి. కప్పును ఈడ్చుకెళ్లడానికి చక్రాలు కావాలి. ఇవన్నీ కలిపి బరువు ఏడొందల పౌండ్లు, అంటే సుమారు మూడొందల ఇరవై కిలోలు, దాటకూడదు. ఎందుకు దాటకూడదంటే, "తేలిగ్గా బతకడం నేర్చుకోవాలోయ్ బావమరిదీ!" అన్నారు. మూడున్నర వేల చదరపుటడుగుల ఇంట్లో, ఎవరూ సినిమా చూడని మీడియా రూములో, మసాజ్ కుర్చీలో వెనక్కి వాలి అన్న మాట అది.

నవ్వకండి. నవ్వేవాళ్లకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంట్లో సొంతంగా చేసుకునే తేలికపాటి క్యాంపర్ ట్రైలర్ అంటే మనవాళ్లకు చులకన. హెచ్-1బీ గురించీ సోనా మసూరి ధర గురించీ గంటలు గంటలు చర్చించే సమాజం, థర్మోకోల్‌లా తేలిగ్గా ఉండే ఫోమ్ బోర్డుకు ఏ బంక పనికొస్తుందన్న విషయం ఎత్తగానే ప్లేటు పట్టుకుని పక్క టేబుల్‌కు జరిగిపోతోంది. ఇది జాతికి మంచిది కాదు.

ముందు చరిత్ర చూద్దాం. కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే ఈ బుల్లి బండ్లు, అదే టియర్‌డ్రాప్ ట్రైలర్లు, అమెరికాలో 1930ల నుంచీ ఉన్నాయి. 1947లో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రిక వాటి ప్లాన్లు అచ్చువేసింది. అప్పుడే యుద్ధం ముగిసింది, అల్యూమినియం రేకు మిగిలిపోయి ఉంది, ఇంటి వెనక షెడ్డులో రంపమున్న ప్రతివాడూ ఒకటి చేసుకోవచ్చు. హోటల్ అద్దె దండగనుకునేవాళ్ల బండి అది. ఏ హోటల్లోనైనా దిగగలిగినవాళ్లు చేసుకునే స్థాయికి దాన్ని తీసుకురావడం మన తరం సాధించిన ప్రగతి.

దాని కొలత నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. కారణం శాస్త్రీయమే: అమెరికాలో ప్లైవుడ్ షీటు కొలత అది. దంపతుల పొడుగు, అన్యోన్యత, గురక ఇవేవీ లెక్కలోకి రావు. షీటెంతో సంసారమంత.

ఇక పదార్థ విజ్ఞానం. ముప్పావంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే అరవై పౌండ్లకు అటూ ఇటూగా తూగుతుంది. అదే కొలతలో రెండంగుళాల మందం గులాబీ రంగు ఫోమ్ బోర్డు పది పౌండ్లుండదు. కాబట్టి గోడలూ కప్పూ ఫోముతోనే. పైన కాన్వాసు గుడ్డను చెక్క బంకతో ముడతల్లేకుండా అంటించి, ఆరాక గోడలకు వేసే మామూలు రంగే రెండు మూడు పూతలు వేస్తారు. రంగు లేకపోతే ఎండకు ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. బంక విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. బావగారు మొదట తెచ్చిన స్ప్రే బంక ఫోమును అంటించలేదు, తినేసింది. కుడివైపు గోడ ఉండాల్సిన చోట ఒక గుంట, గుంట పక్కన బావగారు.

ఇదంతా అమెరికావాళ్ల ఆవిష్కరణ అనుకోకండి. తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు పట్టించి, సున్నం పూసి, రంగులు వేసి కొండపల్లిలో అంబారీ ఏనుగును చేసేది దాదాపు ఈ పద్ధతిలోనే. అంబారీలో ఇద్దరు మనుషులు పడుకోవడం ఒక్కటే కొత్త.

బావగారు కంపెనీలో క్లౌడ్ ఆర్కిటెక్టు. లెక్క తప్పితే నిద్రపట్టని మనిషి. ఉత్తరాలు తూచే కాటా కొని ప్రతి స్క్రూనూ తూచి ఎక్సెల్‌లో ఎక్కించారు. కనబడని చోట ఉన్న ప్రతి చెక్కకూ చిల్లులు పొడిచి పొట్టు తీశారు. తలుపుకు అల్యూమినియం పిడా, నైలాన్ తాడా అన్న చర్చ ఒక ఆదివారాన్ని మింగింది. తాడు గెలిచింది, ఎనభై గ్రాములు కలిసొచ్చాయి. సీసం బ్యాటరీ అరవై పౌండ్లుంటే, అంతే సామర్థ్యమున్న లిథియం బ్యాటరీ ముప్పై లోపు. ఆ తేడా కోసం జేబు గట్టిగానే తడుముకున్నారు. మిగిలిన ముప్పై పౌండ్ల చోటు చూసి అక్క సంతోషించి, ఇరవై పౌండ్ల బియ్యం బస్తా ఒకటీ ఆవకాయ జాడీ ఒకటీ అందులో సర్దింది.

ఎక్సెల్‌లో ఆవకాయకు గడి లేదు.

అక్కను తప్పు పట్టడానికి లేదు. తేలిగ్గా బతకాలని ఆవిడకూ ఉంది. అందుకే పెద్ద కుక్కర్ వద్దని చిన్నది తీసుకుంది. ఎవరైనా వస్తే ఎలా అని పెద్దది కూడా తీసుకుంది. నడి అడవిలోకి ఎవరొస్తారని అడిగేవాళ్లకు మన చుట్టరికాల గురించి తెలియదన్నమాట. ఆపైన నీళ్లు. గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైమాటే, నీటికి చిల్లులు పొడిచే విద్య ఇంకా రాలేదు. టెక్సస్ ఎండకు కిటికీ ఏసీ, మరో నలభై పౌండ్లు. ఒళ్లు ముప్పై పౌండ్లు తగ్గించుకోమని బావగారికి డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ ముప్పై మాత్రం ఎక్సెల్‌లో 'మార్చరానివి' అన్న శీర్షిక కింద పదిలంగా ఉన్నాయి.

అసలు మేధోమథనం వాస్తు దగ్గర మొదలైంది. కదిలే ఇంటికి ఈశాన్యమేది? ఊళ్లో ఉన్న సిద్ధాంతిగారిని వీడియో కాల్‌లోకి పిలిచాం. టియర్‌డ్రాప్‌లో వంటగది బండి వెనక భాగంలో, బయటివైపు ఉంటుంది. డిక్కీలా మూత పైకెత్తి, నిలబడి వండాలి. వంటగది ఆగ్నేయంలోనే ఉండి తీరాలని సిద్ధాంతిగారు. అంటే బండి ముఖం ఎప్పుడూ వాయవ్యానికే ఉండాలి. మ్యాపు తీశాం. ఫోర్ట్ వర్త్ నుంచి అమరిల్లో వెళ్లే 287 నంబరు రోడ్డు దాదాపు ఆసాంతం వాయవ్యానికే పోతుంది. ఆ చివర పాలో డ్యూరో లోయ, అందులో స్టేట్ పార్కు. డాలస్ తెలుగువాడు ఆగ్నేయం చెడకుండా వెళ్లి రాగల అరణ్యం అదొక్కటే అని తేలింది. మరి తిరుగు ప్రయాణంలో? అప్పుడు వంటగది వాయవ్యంలోకి వస్తుంది. "ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యం దోషం లేదమ్మా" అని ఆయన అభయమిచ్చారు. శాస్త్రం ఇంత ముందుచూపుతో ఉంటుందని నేనూ అనుకోలేదు.

తర్వాతి సమస్య, ఇది ఇల్లా, బండా? ఇల్లయితే పాలు పొంగించి సత్యనారాయణ వ్రతం చేయాలి. బండయితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. చర్చోపచర్చల తర్వాత రెండూ చేశాం. పీటల మీద దంపతులు గరాజులో, పాలు మూత కింద, నిమ్మకాయలు చక్రాల కింద. చివర్లో అక్క బూడిద గుమ్మడికాయ తెచ్చి దిష్టికి కట్టమంది. పది పౌండ్లు. బావగారి ముఖం చూడలేకపోయాను. తొమ్మిదొందల గ్రాముల కోసం అల్మారాకు తలుపులే పెట్టని మనిషి ఆయన.

ఆ గుమ్మడికాయే చివరికి ఆదుకుంది, దానికి కాస్త వివరణ అవసరం. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు నొగ మీద, అంటే కారు కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గి బరువు వెనక్కి పోతే, హైవే మీద వేగం అందుకోగానే బండి తోక ఊపడం మొదలుపెడుతుంది, కారును కూడా ఊపుతుంది. ఇది తమాషా కాదు, మనుషులు పోతారు. మా బండిలో బియ్యం, కుక్కర్లు, జాడీలు అన్నీ వెనకే ఉన్నాయి.

ఆరు నెలలుందామని వచ్చిన మా అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తోంది. చిన్నప్పుడు గూడుబండిలో కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన మనిషి. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, తోలుకుపోయేవాళ్లట. బరువు ఇరుసు వెనక పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింద తాడు బిగుసుకుంటుంది. మరీ ముందుకొస్తే మెడ మీద కాడి కుంగుతుంది. అమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. "బండి వెనక్కి మొగ్గుతోందని అల్లుడుగారికి చెప్పవే" అంది అక్కతో. బావగారు చిరునవ్వుతో, "అత్తయ్యగారూ, దీనికి లెక్కలుంటాయి" అని బాత్రూములోని కాటా తెచ్చి నొగ కింద పెట్టారు. నాలుగు శాతం. బియ్యం బస్తా ముందుకెళ్లింది, బ్యాటరీ ముందుకెళ్లింది, గుమ్మడికాయ నొగ మీదికెక్కింది. అప్పటికి పదకొండు శాతం. ప్రపంచంలో దిష్టినీ ఊపునూ ఒకే దెబ్బకు తీసిన గుమ్మడికాయ ఇదే కావచ్చు.

అరణ్యవాసం సంగతి క్లుప్తంగా చెబుతాను. పిల్లలూ అమ్మా బండిలో పట్టరు గనక అమరిల్లోలో హోటల్ తీసుకున్నారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి పదింటి నుంచి సద్దు చేయకూడదు, కుక్కర్ మూడో కూత సరిగ్గా ఆ వేళకే వచ్చింది. ఫోమ్ గోడల మధ్య ఇద్దరు మనుషుల ఊపిరి ఎటూ పోలేక కప్పుకు నీటిబొట్లై పట్టి, బొట్టుబొట్టుగా మీద పడింది. కప్పులో ఫ్యాను పెట్టాల్సింది, బరువని మానేశారు. అర్ధరాత్రి అక్క కూడా హోటల్‌కే వెళ్లిపోయింది. బావగారొక్కరే, ఋషి పద్ధతిలో, తెల్లారేదాకా ఉన్నారు.

తిరిగొచ్చాక బండిని ఇంటి ముందు నిలిపితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం: ట్రైలర్లు వీధిలోకి కనబడరాదు. గరాజులో పెడదామంటే, ఆ బండి చేయడం కోసం కొన్న మిషన్లన్నీ అక్కడే ఉన్నాయి. చివరికి ఊరి బయట రెండొందల చదరపుటడుగుల గది అద్దెకు తీసుకున్నారు. ముప్పై రెండు చదరపుటడుగుల ఇంటికి అది సొంత ఇల్లు.

విమర్శకులు ఇక్కడ ఆగి చంకలు గుద్దుకుంటారని తెలుసు. ఆగండి. బావగారి హోండా ఒడిస్సీకి 3,500 పౌండ్లు లాగే శక్తి ఉంది. ఏడొందల దగ్గర మొదలై సర్దుళ్లన్నీ అయ్యేసరికి పద్నాలుగొందలు దాటిన మా బండి దానికొక లెక్క కాదు. అయినా కొండ దారుల్లో కాస్త వెసులుబాటు ఉండాలని ఆయన అభిప్రాయం. అందుకని పదివేల పౌండ్లు లాగే పికప్ ట్రక్కు కొన్నారు. అంటే, చిన్న కారే లాగేలా బండిని తేలిక చేశారు, అంత కష్టపడి తేలిక చేసిన బండికి తగిన గౌరవం దక్కాలని పెద్ద ట్రక్కు కొన్నారు. ఇందులో తర్కదోషం ఎక్కడుందో చూపించమని సవాలు చేస్తున్నాను.

ఇప్పుడు ఎనిమిది వేల ఆరొందల పౌండ్లు ఖాళీ. అంత చోటును ఊరికే వదిలెయ్యడం మన ఇంటావంటా లేదు. రెండో బండి ప్లాను అప్పుడే గీశారు. ఇరవై నాలుగడుగులు, ఈశాన్యంలో పూజగది, గ్రైండర్ కింద గ్రానైట్ గట్టు, చుట్టాలకు విడి మంచం. నొగ మీద పడే బరువు ఒకసారి చూసి పెట్టమని నాకు పంపితే, తెలిసినవాళ్లు చూడటం మేలని దాన్ని అమ్మకు పంపించాను. అమ్మ తీరిగ్గా చూసి అక్కకు ఫోన్ చేసింది.

"అల్లుడుగారు ఎన్ని జతల ఎడ్లు కడుతున్నారో కనుక్కోవే."