నాలుగో గేరు బావగారికి మూడో గేరు రాసే ఉత్తరం

మహారాజశ్రీ నాలుగో గేరు బావగారికి,

మూడో గేరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఇక్కడ కుశలం కనబడటం లేదు.

మీ వైభవమే వైభవం. బండి సందు మలుపు తిరిగిందో లేదో, స్పీడు ఇరవై దాటిందో లేదో, టక్ టక్ టక్ మని వరసగా తొక్కేసి మిమ్మల్ని పీట మీద కూర్చోబెడుతున్నారు. నా మీదుగా వెళ్తారు, అంతే. గుమ్మం తొక్కి దాటినట్టు. "టాప్‌లో వేస్తే పెట్రోలు తక్కువ తాగుతుంది" అని బండి కొన్న రోజే ఎవరో చెవిలో ఊదుతారు, ఆ మంత్రం బండి అమ్మేదాకా వదలదు. విస్తట్లో పప్పయినా పడకముందే పెరుగన్నం కలుపుకునే చుట్టాన్ని ఎక్కడైనా చూశారా? మన రోడ్ల మీద రోజూ చూడొచ్చు.

లెక్క చెబుతాను, కోపగించుకోకండి. మనం కాపురముంటున్నది స్ప్లెండర్ గేర్‌బాక్సులో. ఇంజిన్ 97.2 సీసీ. దాని లాగుడు బలం నిండుగా వచ్చేది 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర, పవర్ నిండేది 8000 దగ్గర. మీ పళ్ళ లెక్క ప్రకారం 60 స్పీడులో ఇంజిన్ సుమారు 6000 తిరుగుతుంది. అంటే 25లో మీకు పగ్గాలిస్తే 2500. సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడ్డప్పుడే 1400 తిరిగే ఇంజిన్ బావగారూ అది! పైగా వెనక సీటు మీద ఇల్లాలు, ట్యాంకు మీద పిల్లాడు, హ్యాండిల్‌కి కూరగాయల సంచీ. అదే 25లో బండి నా చేతిలో ఉంటే 3200 పైన తిరుగుతూ హాయిగా లాగుతుంది.

పెట్రోలు మన నంబరు చూసి ఖర్చు కాదు. టాప్‌లో బండి కదలక మొరాయిస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ సగానికి పైగా తిప్పుతారు. సిలిండర్‌లోకి నిండుగా మందు కూరినట్టు అవుతుంది, పిస్టన్ మాత్రం నింపాదిగా దిగుతుంది. ఆ ఒత్తిడంతా పిస్టన్ తల మీద, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మీద కూర్చుంటుంది. ఆయిల్ పంపు తిరిగేది కూడా క్రాంకుతోనే కదా, బేరింగుకు ఆయిల్ బాగా అవసరమైన సమయానికే తక్కువ అందుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇలా లాగిస్తే ఇత్తడి చెంబులో చింతపిక్కలు ఆడించినట్టు ఒక చప్పుడు వస్తుంది. చాలామంది దాన్ని విని హెడ్‌లైట్ డూమ్ వదులైందనుకుని స్క్రూలు బిగిస్తారు. అది నాకింగ్, ఇంజిన్ మొర. ఇక చైను సంగతి. ఇంజిన్ ఒక్కో పేలుడుకీ విడివిడిగా కుదుపుతుంటే చైను బిగిసి, వదులై, మళ్ళీ బిగిసి స్ప్రాకెట్ పళ్ళను కొరుకుతుంది. వెనక చక్రం హబ్‌లోని రబ్బరు ముక్కలు నలిగి పిండవుతాయి. రెండు రూపాయల పెట్రోలు మిగిల్చి చైన్ సెట్ మార్పించుకునే ఈ పొదుపు విద్యకు మెకానిక్కులంతా కలిసి మీకు దండ వేయాలి.

బుల్లెట్ ఇంట్లో మీ దాయాదులు నెమ్మదిగానే నడిపిస్తున్నారు కదా అంటారేమో. వాళ్ళ ఇంట్లో ఇంజిన్ తిరుగుడు ఆగకుండా నిలబెట్టే బరువైన చక్రం, ఫ్లైవీల్ ఉంది. క్లాసిక్ 350లో లాగుడు 4000 దగ్గరే నిండుతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోకూడదు.

మీ రాజ్యం కాదనడం లేదు. ఖాళీ రోడ్డు, ఒక్క మనిషి, నిలకడగా 45, యాక్సిలరేటర్ పావు వంతు. అక్కడ మిమ్మల్ని మించినవాళ్ళు లేరు, పెట్రోలు మిగిలేదీ అక్కడే. నా ఏడుపల్లా వేళ గురించి. ఒక్కరే ఉంటే ఒకటి నుంచి రెండుకు 12–15 మధ్య, రెండు నుంచి నాకు 25 దగ్గర, నా నుంచి మీకు 40 దాటాక. వెనక మనిషి ఉంటే ప్రతి మెట్టుకూ ఇంకో ఐదు కలపాలి. ఈ బండికి ఆర్‌పీఎం మీటరు లేదు కాబట్టి పరీక్ష ఒకటే: యాక్సిలరేటర్ కొంచెం తిప్పి చూడాలి. స్పీడు పెరిగితే గేరు సరైనదే. స్పీడు పెరగకుండా ఫుట్‌రెస్టులు వణికితే నన్ను పిలవాలి.

పిలిచే పద్ధతి కూడా ఒకటుంది. మనం నలుగురం ఎప్పుడూ జతల్లో తిరుగుతూనే ఉంటాం. గేర్ల పక్కన పొడుచుకొచ్చిన పళ్ళుంటాయి, వాటిని డాగ్‌లు అంటారు; అవి ఎవరితో కొక్కెం వేస్తే బరువు వాళ్ళది. క్లచ్ పూర్తిగా నొక్కకుండా తొక్కితే ఆ డాగ్‌ల అంచులు అరిగి గుండ్రమవుతాయి, తర్వాత గేరు పడినట్టే పడి జారిపోతుంది. అందుకే యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ పూర్తిగా నొక్కి, ఒక్క గట్టి తొక్కు. క్లచ్ లివర్ కొసన ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకపోతే క్లచ్ ప్లేట్లు జారతాయి, మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు. మన క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి చవగ్గా దొరికిందని కారు ఆయిల్ పోయించుకుంటే ప్లేట్లు పట్టు తప్పి జారి అక్కడే కాళ్ళు చాపుకోవచ్చు.

మొదటి గేరు అక్కయ్యకు వేరే బాధ. సిగ్నల్ పడ్డ 90 సెకన్లూ ఆమెను వేసి, సగం క్లచ్‌తో పట్టుకుని, బుర్ర్ బుర్ర్ మని రేజ్ చేస్తుంటారు. ముందున్న బస్సు భయపడి పక్కకు జరుగుతుందని కాబోలు. మిమ్మల్ని అతిగా నమ్మేవాళ్ళే ఒక్కోసారి ఇంకో చివరకు పోతారు: బ్రేకు పట్టదేమోనని 40 స్పీడులో ఆమె దాకా దించేస్తారు. ఆమె పళ్ళ లెక్కన అది 13000 ఆర్‌పీఎం పైమాటే. వాల్వ్ స్ప్రింగులు అంత వేగం అందుకోలేవు. వాల్వు వెనక్కి రాకముందే పిస్టన్ వచ్చి తగలొచ్చు. అంతకంటే ముందే వెనక టైరు జారొచ్చు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి "ఫ్రీగా వచ్చేశా" అని మురిసేవాళ్ళకు ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బండ్లు గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే దిగువలో పెట్రోలు చిమ్మడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్‌ను బతికించడానికి తాగుతూనే ఉంటాయి. డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు వదలడం అదనం. ఎక్కిన గేరులోనే దిగాలి, బావగారూ. ఎక్కింది ఎక్కువసార్లు నాతోనో, మా రెండో గేరుతోనో.

ఇట్లు,
మీ బావమరిది,
మూడో గేరు

తా.క.: ఇది రాస్తుండగానే మనవాడు ఫ్లైఓవర్ ఎక్కుతున్నాడు. 28 స్పీడు, మీరే ఉన్నారు, ట్యాంకు వణుకుతోంది. మడమతో వెనక్కి ఒక్కసారి తొక్కితే చాలు. నేనిక్కడ తిరుగుతూనే ఉన్నాను.