డిడ్డీ కాంగ్ రేసింగ్ డీఎస్ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ డిడ్డీ కాంగ్ రేసింగ్ డీఎస్ గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమంగానే ఉన్నారని మొన్న ఆదివారం స్వయంగా చూశాను. బీరువా మూడో అరలో, గడువు తీరిన పాస్‌పోర్టులకీ, ఏ ఫోనువో గుర్తులేని చార్జర్లకీ మధ్య, నింటెండో వారి డీఎస్ అనే ఒక పాత చేతియంత్రం వీపులో దూరి పడుకుని ఉన్నారు, వీడియో గేము కదా తమరు. మా అమ్మాయి మిమ్మల్ని బయటికి లాగింది. అప్పట్నుంచీ మా ఇంట్లో రెండు విషయాల మీద గొడవ జరుగుతోంది. ఒకటి ఎలుగుబంటి, రెండోది తమరు. అందుకే ఈ ఉత్తరం.

తాతగారి పేరు మనవడికి పెట్టడం మా వైపు ఆచారం. పెట్టినవాళ్ళు ఊరుకోరు. పిల్లాడు ఉయ్యాల్లో ఉండగానే ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని లెక్కలు తీస్తారు. తమరి తాతగారు 1997 నవంబరులో, టీవీకి తగిలించి ఆడే నింటెండో 64 అనే యంత్రం మీద పుట్టారు. సబ్బు పెట్టెంత క్యాట్రిడ్జి. తమరు 2007 ఫిబ్రవరిలో అదే పేరుతో, తపాలా బిళ్ళంత ఆకారంలో వచ్చారు. ముక్కూ చెవులూ సరిపోయాయి. ఆ ద్వీపమూ, కారూ హోవర్‌క్రాఫ్టూ విమానమూ, కొండకి చెక్కిన విజ్‌పిగ్ అనే పంది ముఖమూ అన్నీ ఉన్నాయి. ఆ ఇంటి మనుషుల్ని ఎంచడం మొదలుపెట్టాకే గుండె కలుక్కుమంది.

బాంజో ఏడండీ? కాంకర్ ఏడండీ?

మా అమ్మాయికి చెప్పాల్సివచ్చింది. తాతగారి హయాంలో బాంజో అనే ఎలుగుబంటీ, కాంకర్ అనే ఉడుతా కూడా కారు తోలేవమ్మా అని. అయితే ఇప్పుడెందుకు లేవు అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆస్తి పంపకాలు ఎలా చెప్పను? అయినా చెప్పాను. ఇంగ్లండులో ట్వైక్రాస్ అనే పల్లెలో రేర్ అని ఒక కంపెనీ ఉండేది. స్టాంపర్ అన్నదమ్ములు పెట్టింది. అందులో దాదాపు సగం వాటా నింటెండోది. ఆ కలిసున్న రోజుల్లోనే ఈ ఆట పుట్టింది. 1997 క్రిస్మస్‌కి నిజానికి బాంజో సొంత ఆట రావాల్సింది. అది ఆలస్యమైంది, ఆ ఖాళీలో ఈ రేసు ముందుకొచ్చింది. పెళ్ళికొడుకు ముస్తాబు కాలేదని తోడిపెళ్ళికొడుకుని ఊరేగించినట్టు. పాపం ఎలుగుబంటి ఆ ఊరేగింపులోనే మొదటిసారి జనానికి కనిపించింది, అదీ డిడ్డీ కాంగ్ అనే ఎవరో కోతి పేరు మీదున్న ఆటలో.

2002లో మైక్రోసాఫ్ట్ వచ్చి 37.5 కోట్ల డాలర్లు పోసి రేర్‌ని మొత్తంగా కొనేసింది. వాటాలు పడ్డాయి. కోతి నింటెండోకి, ఎలుగుబంటీ ఉడుతా మైక్రోసాఫ్ట్‌కి. మా ఊళ్ళో అయితే మధ్యలో గోడ కట్టేవాళ్ళు. అక్కడ గోడ కట్టి కూడా కిటికీ వదిలారు. మైక్రోసాఫ్ట్‌కి చేతిలో పట్టుకుని ఆడే యంత్రం లేదు కాబట్టి, రేర్ వాళ్ళు నింటెండో చేతియంత్రాలకి ఆటలు చేసుకోవచ్చన్నారు. అలా ఆ కిటికీలోంచి అందించిన క్యారేజీయే తమరు. వండింది రేర్, వడ్డించింది నింటెండో. సొంత బిడ్డకి మాత్రం పంక్తిలో ఆకు వెయ్యడానికి వీల్లేదు. తమరు బయటికొచ్చేసరికి ఆ స్టాంపర్ అన్నదమ్ములు కూడా కంపెనీ వదిలేసి వెళ్ళిపోయారు. అంతకు నెల ముందే.

ఇందులో ఇంకో కొసరు ఉంది. 2005లో బాంజో పైలట్ అని, నింటెండో వారి గేమ్‌బాయ్ అడ్వాన్స్ చేతియంత్రానికి ఒకటొచ్చింది. అది మొదట డిడ్డీ కాంగ్ పైలట్‌గా మొదలైన ఆట. కొనుగోలు అయిపోయాక విమానంలోంచి కోతిని దించి ఎలుగుబంటిని ఎక్కించారు. మీ దగ్గరికొచ్చేసరికి ఎలుగుబంటిని దించి కోతి చుట్టాల్ని ఎక్కించారు. మా బస్టాండులో కిటికీ పక్క సీటుకి తువ్వాలు వేసే దగ్గర కూడా ఇంత గందరగోళం ఉండదు.

ఎక్కిన చుట్టాలు ఎవరయ్యా అంటే డిక్సీ కాంగ్, టైనీ కాంగ్. డిక్సీ మర్యాదస్థురాలు, ఏమీ అనను. టైనీ అంటే చిన్నది అని అర్థం. 1999లో చూసినప్పుడు నిజంగానే రెండు జడల చిన్నపిల్ల. తమరి దగ్గరికొచ్చేసరికి తాడిచెట్టంత అయింది. మేనమామ పెళ్ళిలో లంగా కట్టుకుని తిరిగిన పిల్ల, ఆ తర్వాత చూస్తే మనకన్నా జానెడు పొడుగు. పేరు మాత్రం అదే. ఇది మాకు అలవాటే, బుజ్జి అని పిలిపించుకునే అరవై ఏళ్ళ పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఉంటారు. ఇక ఉడుత సంగతి: కాంకర్ 2001లో సొంత ఆటలో తాగుడు మరిగి, నోటికొచ్చినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. పిల్లలుండే ఇంటికి వాణ్ణి పిలవకపోవడమే మంచిదయిందేమో. ఎలుగుబంటి ఏం చేసిందండీ?

సరే, మనుషుల సంగతి వదిలేస్తాను. కోర్టు కాగితాల ముందు కోతులైనా ఏం చేస్తాయి. వెండినాణేలు ఎందుకు తీసేశారు? దీనికి ఏ కంపెనీ కొనుగోలూ అడ్డు రాలేదు కదా.

తాతగారి పద్ధతి చెబుతాను, తమరికి గుర్తుండకపోవచ్చు. ఒక లోకంలో నాలుగు రేసులు గెలవాలి. అప్పుడు ఆ లోకం పెద్దతో పందెం. డైనో డొమైన్‌లో అయితే ట్రికీ అని మూడు కొమ్ముల రాక్షసబల్లి. దాన్ని గెలిచాం, అయిపోయింది అనుకుంటే కాదు. అవే నాలుగు రేసులు మళ్ళీ. ఈసారి దారి పొడుగునా ఎనిమిది వెండినాణేలు చల్లి ఉంటాయి. అవి ఎనిమిదీ ఏరాలి, మళ్ళీ మొదటి స్థానంలోనే రావాలి. ఉన్నవి మూడు చుట్లు. ఆ నాణేలు దారి మీద ఉంటే బాగుండు. చెట్టు వెనక ఒకటి, ఎవడూ పోని సందులో ఒకటి. పెళ్ళికి బయల్దేరిన బస్సు ఎనిమిది ఇళ్ళ దగ్గర ఆగి ఎనిమిది మంది అత్తయ్యల్ని ఎక్కించుకుని, అయినా ముహూర్తానికి అందరికన్నా ముందు చేరాలి. అదీ పరీక్ష.

2003లో టెక్సాస్‌లో చదువుకునే రోజుల్లో మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంటు. ఎవరో గ్యారేజీ ముందు పాత సామాను అమ్ముతుంటే నింటెండో 64 దొరికింది, తాతగారితో సహా. బౌల్డర్ కేన్యన్ అనే రేసు దారిలో హోవర్‌క్రాఫ్టుతో ఆ ఎనిమిది నాణేలు ఏరడానికి మాకు ఒక వారం పట్టింది. ఆ బండి తిప్పడం అంటే గచ్చు మీద సబ్బునీళ్ళు పోసి గోనెపట్టా మీద జారడమే. ఏడు నాణేలతో మొదటి స్థానంలో వస్తూ, ఎనిమిదోది వెనకే వదిలేశామని తెలిసినప్పుడు మా గదిలో వినిపించిన తెలుగు ఇక్కడ రాయలేను. ఆ వారంలోనే దారి మొత్తం అరచేతి గీతల్లా తెలిసింది. స్పీడు పెంచే పట్టీ మీదికి వెళ్ళబోయే ముందు యాక్సిలరేటరు వదిలేస్తే ఇంకా ఎక్కువ ఊపు వస్తుందని తెలిసింది. ఒకే రంగు బెలూన్లు వరసగా మూడు పట్టుకుంటే ఆయుధం ముదురుతుందనీ, అరటిపళ్ళు పది దాకా పోగేస్తే బండి వేగం పెరుగుతుందనీ అంతకుముందు తెలుసు గానీ, అవి వాడాల్సిన అవసరం నాణేల దగ్గరే వచ్చింది.

సాహసయాత్రలో ఆ నాణేల స్థానంలో తమరు పెట్టింది టచ్ ఛాలెంజ్. బండి దానంతట అదే పోతుంది. నేను పుల్లతో తెర మీద బెలూన్లు పొడుస్తూ పోవాలి. అయ్యా, ఇంతకీ నేను డ్రైవర్నా, కండక్టర్నా? బస్సు ఎటుపోతే అటు ఊగుతూ టిక్కెట్లు కొట్టడానికి నేను 35 డాలర్లు ఎందుకు ఇచ్చినట్టు? తమరి యంత్రానికి ముట్టుకునే తెర ఉంది, కాదనను. ఉంది కదా అని ముట్టుకోవాలా? కొత్తగా మిక్సీ కొన్న ఇంట్లో వారం రోజులు అన్ని కూరలూ పచ్చడే అయినట్టుంది తమరి వ్యవహారం.

అందులోనే బయల్దేరడం ఒక భాగం. తాతగారి దగ్గర సరైన క్షణంలో మీట నొక్కితే చాలు, బండి ఎగిరి దూకేది. తమరి దగ్గర చక్రాన్ని పుల్లతో గరగరా రుద్దాలి, లేదంటే మైకులోకి ఊదాలి. ఒక చేత్తో యంత్రం, ఒక చేత్తో పుల్ల, ఆ వెంటనే మీటల మీదికి వేళ్ళు. పెళ్ళి బఫేలో ప్లేటూ గ్లాసూ పట్టుకుని, తినడానికి మూడో చెయ్యి లేక నిలబడ్డవాడి అవస్థ. ఇక ఊదడం. 2007లో ఉద్యోగానికి షికాగో లోకల్ రైల్లో తిరిగేవాణ్ణి. ఒకరోజు ఉదయం, కట్టెలపొయ్యి ముందు మా అమ్మమ్మ ఊదుగొట్టం పట్టుకున్నట్టు వంగి, బుగ్గలు పూరించి తమరిలోకి ఊదాను. పక్కసీటు పెద్దావిడ నన్ను కాసేపు చూసి, బ్యాగులోంచి దగ్గు బిళ్ళ తీసి ఇచ్చింది. మర్యాద కాదని తీసుకున్నాను. ఆ రేసులో ఎనిమిదో స్థానం.

చిన్నప్పుడు గుడివాడలో మా ఇంట్లో ఉన్న టీవీ గేము క్యాసెట్లని కూడా ఊదేవాళ్ళం లెండి. పని చెయ్యకపోతే తీసి, చివర్న ఉఫ్ అని ఊది మళ్ళీ పెడితే బొమ్మ వచ్చేది. అది రిపేరు. అదే పనిని ఆటగా మార్చి అమ్మడం తమరికే చెల్లింది.

తాజ్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తలపాగా చుట్టిన నీలం ఏనుగు, జీనీ. తాతగారి దగ్గర మన దేశపు యాసలో ఇంగ్లీషు మాట్లాడేది. మా నలుగురికీ మొదటిసారి వినగానే ఎవరో మేనమామ గుర్తొచ్చాడు, ఎవరి మేనమామ అనే దాని మీద వాదించుకున్నాం. దాని పనల్లా కారు ఇచ్చేసి విమానం కావాలంటే మార్చిపెట్టడం. ఆర్టీఏ ఆఫీసు ముందు గొడుగు కింద కూర్చునే ఏజెంటు కూడా అంత త్వరగా బండి మార్చలేడు, పైగా ఇది లంచం అడగదు. తమరు దాన్ని కూడా రేసులో దింపారు. అందుకు మెచ్చుకుంటాను. దాని తివాచీతో తెర మీద మన ఇష్టమొచ్చినట్టు దారి గీసుకుని అందులో పందెం ఆడొచ్చని కూడా పెట్టారు. నేను తెలుగు అక్షరాలు గీద్దామని ఉబలాటపడ్డాను. ఒంపులు తిరిగిన లిపి మాది, రేసు దారులకే పుట్టింది. చివరికి బాగా కుదిరింది మాత్రం సున్నా ఒక్కటే.

ప్రపంచం నలుమూలల వాళ్ళతో ఆడుకోవచ్చన్నారు. ఆడుకున్నాం. 2014 మే 20న నింటెండో ఆ సర్వర్లు ఆపేసింది. తాతగారికి సర్వర్లు లేవు, నాలుగు వైర్లూ నలుగురు మనుషులూ చాలు. ఆ యంత్రం దుమ్ము దులిపితే ఈ రోజుకీ ఆడుతుంది. మనుషుల్ని పోగెయ్యడమే కష్టం.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. రేసులో వినిపించే అరుపులకి మన సొంత గొంతు రికార్డు చేసుకోవచ్చని తమరు ఒక సదుపాయం ఇచ్చారు. అప్పట్లో నా రూమ్మేటు, వాళ్ళమ్మగారిని అనుకరిస్తూ “ఓరి నీ ఇల్లు బంగారం గానూ!” అని అందులో అరిచాడు. దాని తర్వాత ఇంకో ముక్క కూడా ఉంది, అది వాళ్ళమ్మగారిది కాదు. ఇవాళ వాడొక పెద్ద కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. రోజూ ఉదయం నాయకత్వ లక్షణాల మీద నాలుగు ముక్కలు రాసి అందరికీ పంపుతాడు. ఆదివారం మా అమ్మాయి బండి తిరగబడగానే, పద్దెనిమిదేళ్ళ నిద్రలోంచి లేచి, ఆ గొంతు మా హాల్లో చుట్టాల ముందు పూర్తి పాఠం వినిపించింది. “నాన్నా, ఈ అంకుల్ ఎవరు?” అంది పిల్ల. ఈ విషయం ఫోనులో చెబితే మా వాడు నవ్వలేదు. చెరిపెయ్యరా అన్నాడు. ఆలోచిస్తాను అన్నాను. మరుసటి రోజు ఒక స్వీటు పెట్టె వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా అమ్మాయికి తమరిలో అన్నిటికన్నా నచ్చింది ఆ టచ్ ఛాలెంజే. బెలూన్లు టపటపా పొడుస్తుంటే దానికి తిండి కూడా గుర్తుండదు. ఎనిమిది నాణేల కథ చెప్పబోతే, “మరి ఒకటి మిస్సయితే మళ్ళీ మొదట్నుంచా? అంత టెన్షన్ ఎందుకు నాన్నా?” అంది. సమాధానం వెతుకుతున్నాను.

కాబట్టి తమరు మూడో అరకి తిరిగి వెళ్ళే పని ప్రస్తుతానికి లేదు. చార్జరు ఏదో తేలే వరకు ఉన్న బ్యాటరీతో సర్దుకోండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఎనిమిదో నాణెం వదిలేసి వచ్చినవాడు

మరచితిని: 2019లో ఎలుగుబంటిని స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే ఆటలోకి పిలిచారు. నింటెండో యంత్రం మీదే, మీ కోతితో కలిపి. ఇన్నేళ్ళకి రెండు వాకిళ్ళ మధ్యా మాటలు కలిశాయన్నమాట. మిమ్మల్ని పిలిచారో లేదో కనుక్కుని రాయగలరు.