జర్మనీ వెళ్తున్న పిల్లకు మనం చెప్పి పంపుతున్న మాటలు

మా అక్క కూతురు అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు జర్మనీలోని గోటింగెన్‌కు వెళ్తోంది. పదిహేను రోజులుగా బెంగళూరు మారతహళ్లిలోని అక్క ఇంట్లో సామాను సర్దుతున్నారు. చూడడానికి వచ్చిన బంధువులూ, మేమూ ఉండే అదే అపార్టుమెంటులోని తెలుగువారూ పిల్లకు చెబుతున్న మాట దాదాపు ఒక్కటే: "అక్కడ మన తెలుగు పిల్లలతోనే ఉండమ్మా, వంతులు వేసుకుని వండుకోండి, నీ గిన్నెలు ఎవరికీ ఇవ్వకు, ఖర్చు ఎప్పటికప్పుడు ఫోనులో ఎక్కించుకో." ఆ ఊళ్ళోనే నాలుగేళ్ళు చదువుకుని వచ్చినదాన్ని కాబట్టి, ఈ సలహాలో సగం మంచిదని, మిగతా సగం పిల్లను ఒంటరిని చేస్తుందని గట్టిగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మన వాళ్ళతో కలిసి వండుకోవడం తప్పని నేను అనను. 1737లో ప్రారంభమైన విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్న ఊరు అది. చదువుకునే పిల్లలు ఏటా వస్తూ పోతూ ఉంటారు కనుక కొత్త ముఖాన్ని ఎవరూ వింతగా చూడరు, అదే కారణంగా పనిగట్టుకుని పలకరించేవారూ ఉండరు. నవంబరు చివరికల్లా సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆదివారం రైల్వే స్టేషనులోని ఒకటి రెండు తప్ప దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి, శనివారం మరచిపోయిన ఉల్లిపాయ కోసం సోమవారం దాకా ఆగాల్సిందే. అలాంటి చోట ఎవరో పప్పుకు తాలింపు పెట్టిన వాసన వస్తే ప్రాణం లేచి వస్తుంది. నా మొదటి చలికాలం మా ఆరుగురి వంతుల వంటతోనే గడిచింది.

అది ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. కొన్న ప్రతి వస్తువునూ లెక్కల యాప్‌లో ఎక్కించి ఆరు వాటాలు వేసేవాళ్ళం. గుడ్లు తినని ఒకరు గుడ్ల డబ్బు తన వాటాలోంచి తీసేయమన్నారు, అది న్యాయమే. ఆ తరువాత రాత్రిపూట అన్నం తిననివారు బియ్యంలో తగ్గించమన్నారు, మరి కొన్నాళ్ళకు ఒకరి స్నేహితుడు వస్తే అతనికి పెట్టిన భోజనం ఎవరి ఖాతాలో వేయాలన్న ప్రశ్న వచ్చింది. చివరకు ఫిబ్రవరిలో, సరిగ్గా పరీక్షల వేళ, 11 యూరోల దగ్గర మాటా మాటా పెరిగి ఆరుగురమూ ఆరు కుక్కర్లు పెట్టుకున్నాం. విద్యార్థులుగా అందరి చేతులూ ఇరుకుగానే ఉంటాయి, డబ్బు లెక్క అవసరమే, కాదనను. కానీ అతిథికి పెట్టిన ముద్ద పట్టికలోకి ఎక్కిన రోజునే మా పంక్తి విరిగింది. 11 యూరోలు ఆ తరువాతి మాట.

మేముండే హాస్టల్లో అంతస్తుకు ఒక ఉమ్మడి వంటగది, ఫ్రిజ్‌లో మనిషికి ఒక అర ఉండేవి. మా అంతస్తులోని జర్మన్ అమ్మాయి, నేను తాలింపు వేసిన మూడో రోజున, వండేటప్పుడు తలుపు మూసి కిటికీ తెరవమని కాగితం అంటించింది. నాకు అవమానంగా తోచి వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పొగ కారిడార్‌లోకి వెళ్తే అలారం మోగి ఫైరింజన్ వస్తుందని, ఆ భయంతోనే అలా రాసిందని తరువాత తెలిసి, పులిహోర ఒక స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. మర్నాడు ఆ డబ్బా తళతళలాడేలా కడిగి నా గది ముందు పెట్టి ఉంది, లోపల ఏమీ లేదు. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదు, ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇవ్వాలి అని అమ్మ నేర్పిన ఇంట్లో పెరిగిన నాకు ఆ ఖాళీ డబ్బా గుచ్చుకుంది. శుభ్రంగా కడిగి వేళకు అప్పగించడమే ఆమెకు తెలిసిన మర్యాద అని గ్రహించడానికి చాలా నెలలు పట్టింది. అక్కడ పుట్టినరోజు చేసుకునేవారే కేకు తెచ్చి పంచడం ఆనవాయితీ. ఆమె పుట్టినరోజున మొదటి ముక్క నా గదికే వచ్చింది.

కుక్కర్లు వేరైన తరువాత నన్ను నిలబెట్టింది మాత్రం అదే అంతస్తులోని ఇథియోపియా అమ్మాయి. ఆ చలికి నా దోశపిండి రెండు రోజులైనా పులిసేది కాదు. ఆమె తన టెఫ్ పిండి గిన్నెకు తువ్వాలు చుట్టి హీటరు పక్కన పెట్టేది. టెఫ్ గింజ ఆవగింజకన్నా చిన్నది; దాని పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఒకవైపే కాల్చి ఇంజెరా అనే దోశలాంటి రొట్టె చేస్తారు. దాని మీద ఇక్కడి సెట్ దోశకు పడినట్టే చిల్లులు పడతాయి, వాటిని వాళ్ళు కళ్ళు అంటారు. ఒక రాత్రి అడగకుండానే నా గిన్నెను కూడా తీసుకుని తన గిన్నె పక్కన పెట్టింది. తెల్లారి చూస్తే మినప్పిండి పొంగి, మూతను ఎత్తేసి, తువ్వాలుకు అంటుకుని ఉంది.

ఆమె పాటించే ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవం ప్రకారం బుధ, శుక్రవారాలు ఉపవాసం, అంటే మాంసం, పాలు, గుడ్లు ముట్టకుండా పప్పు, శనగపిండి కూరల వంటివే తింటారు. శాకాహారినైన నాకు ఆ రెండు రోజులూ ఆమె పళ్ళెంలోనే భోజనం. చెంచా ఉండదు, ఇద్దరివీ కుడిచేతులు ఒకే పళ్ళెంలో. మొదటిసారి ఆమె ఇంజెరా తుంచి, పప్పు చుట్టి, నా నోటికి అందించి, దీన్ని గుర్షా అంటారని, ప్రేమ ఉన్నవారికే పెడతారని చెప్పింది. నాయనమ్మ పెట్టిన గోరుముద్దల తరువాత నా నోటికి ముద్ద అందించిన చేయి అదే. ఎంగిలి పట్టింపు నాకు ఆ పూటతోనే పోయింది.

దూరదేశం దాకా ఎందుకు, సంక్రాంతి నాడు ఇక్కడ బెంగళూరులో మా అంతస్తులోని కన్నడ కుటుంబం నువ్వులు, బెల్లం, వేరుశనగలు, ఎండుకొబ్బరి, పుట్నాలు కలిపి, పక్కన చెరుకు ముక్క పెట్టి, "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అంటూ గడప గడపకూ తెచ్చి ఇస్తుంది. నువ్వులూ బెల్లమూ తిని మంచి మాటలాడండి అని దాని అర్థం. పదేళ్ళుగా ఆ పళ్ళెం అందుకుంటూ, ఒక్క ఏడు కూడా రెండు అరిసెలు పెట్టి పంపని తెలుగు ఇళ్ళు మా అపార్టుమెంటులోనే ఉన్నాయి. నీ గిన్నెలు ఎవరికీ ఇవ్వకు అన్న సలహా వస్తున్నది ఆ ఇళ్ళనుంచే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

నిన్న సూట్‌కేసు విప్పించి నెయ్యి, పాలకోవా తీయించాను, పాల పదార్థాలను బయటి దేశాలనుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకువెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకుకు కూడా 2019 డిసెంబరు నుంచి ధ్రువపత్రం కావాలి, అదీ తీసేశాం. ఆ ఖాళీలో చిన్న స్టీలు డబ్బాలు నాలుగు పెట్టాను. "ఒక్క మనిషికి ఇన్ని డబ్బాలెందుకే?" అని అక్క అడిగింది. వారానికి ఒక పూటైనా అంతస్తులోని వాళ్ళకు పెట్టడానికని చెప్పాను. అక్క ఇంకా ఒప్పుకోలేదు. పిల్ల మాత్రం, "హీటరుకు ఎంత దూరంలో పెట్టాలి పిన్నీ, పిండి గిన్నె?" అని అడిగింది. జానెడు దూరంలో పెట్టమని, తువ్వాలు రెండు చుట్లు చుట్టమని, గిన్నె సగానికి మించి నింపవద్దని చెప్పాను.